నేర్చుకోమన్నారు, బడి ఎక్కడ?

బ్రిటన్ హోం మంత్రి షబానా మహమూద్ గారికి,



ఈ దేశంలో స్థిరపడదలచినవాళ్ళు ఇంగ్లీషు బాగా నేర్చుకుని తీరాలని మీరు చెబుతూ వస్తున్నారు. ఆ మాటతో నాకు పేచీ లేదు. లెస్టర్‌లో కొత్తగా కాపురానికి వచ్చిన ఆడవాళ్ళకు నేను వారం వారం ఇంగ్లీషు చెబుతాను. నేర్చుకోవాలా వద్దా అన్న చర్చ మా క్లాసులో ఎప్పుడూ రాలేదు. వానలో తడుస్తూ, చంటిపిల్లను బండిలో తోసుకుంటూ, రెండు బస్సులు మారి వచ్చే మనిషిని నేర్చుకోవడం ఎందుకని ఎవరూ అడగనక్కరలేదు. వాళ్ళు నన్ను అడిగేది ఒక్కటే, వారానికి ఇంకో రోజు కూడా క్లాసు పెట్టరాదా అని. నా పేచీ అక్కడ మొదలవుతుంది. నేర్చుకోమంటున్న ప్రభుత్వం ఎవరి దగ్గర, ఏ వేళకు, ఎవరి ఖర్చుతో నేర్చుకోవాలో చెప్పడం లేదు.

ఈ ఉత్తరం ఇంగ్లీషులోనూ మీకు పంపుతున్నాను. తెలుగులో రాసి అచ్చు వేయిస్తున్నది ఎందుకంటే, ఇందులో కొన్ని మాటలు మీతో పాటు మా వాళ్ళూ వినాలి.

ముందు నియమాల సంగతి. 2025 మే నెలలో మీ ప్రభుత్వం వలసలపై శ్వేతపత్రం తెచ్చింది. దాని ప్రకారం 2026 జనవరి 8 నుంచి నైపుణ్య వీసా కోసం కొత్తగా దరఖాస్తు చేసేవాళ్ళు ఇంగ్లీషులో, ఏ1, ఏ2, బి1, బి2, సి1 అని పైకి సాగే స్థాయిల్లో, ఇదివరకటి బి1కి బదులు బి2 చూపాలి. బి2 ఇక్కడి బడి చదువు చివర రాసే ఏ-లెవెల్ పరీక్షకు సమానమని మీ శాఖే చెప్పింది. వాళ్ళ వెంట వచ్చే భార్యకో భర్తకో వచ్చేటప్పుడు ఏ1, వీసా పొడిగించేటప్పుడు ఏ2, శాశ్వత నివాసానికి బి2 ఉండాలన్నది శ్వేతపత్రం వేసిన మెట్ల వరస. ఆ ఏడాది నవంబరులో మీరు పార్లమెంటు ముందు పెట్టిన ప్రతిపాదనల్లో శాశ్వత నివాసానికి గడువు మామూలుగా పదేళ్ళు అయింది. సి1 దాకా నేర్చినవాళ్ళకు ఒక ఏడాది తగ్గుతుందన్నారు. మెట్లు బాగానే కట్టారు. ఎక్కడానికి చేయందించేవాళ్ళే లేరు.

ఇప్పుడు ఈ దేశంలో ఇంగ్లీషు రానివాళ్ళు ఎందరు? 2021 జనగణనలో ఇంగ్లండు, వేల్సులలో ఇంగ్లీషు బాగా మాట్లాడలేమన్నవాళ్ళు సుమారు 8 లక్షల 80 వేలు. అసలే రాదన్నవాళ్ళు 1 లక్షా 61 వేలు. రెండూ కలిపినా జనాభాలో నూటికి ఇద్దరు కూడా కారు. ఇంగ్లీషు ఇంటి భాష కాకపోయినా చక్కగా మాట్లాడగలమన్నవాళ్ళు 41 లక్షలు. వలస వచ్చినవాళ్ళు భాష నేర్చుకోరన్న మాటను మీ జనగణనే కొట్టేస్తోంది. మిగిలిన ఆ పది లక్షల మంది ఎవరు, ఎందుకు మిగిలిపోయారు అన్నదే అడగాల్సిన ప్రశ్న.

కొందరి కథ మీకు ఇంట్లోనే తెలిసి ఉంటుంది. మీ కుటుంబ మూలాలు పాకిస్తాన్ పాలనలోని కాశ్మీరు ప్రాంతం మీర్‌పూర్‌లో ఉన్నాయి కదా. ఆ ప్రాంతం నుంచి బ్రాడ్‌ఫర్డ్ ఉన్ని మిల్లులకు వచ్చిన మగవాళ్ళను ఎక్కువగా రాత్రి షిఫ్టుల్లో వేశారు. షిఫ్టు మొత్తం ఒకే ప్రాంతం వాళ్ళు. పై అధికారి చెప్పింది ఇంగ్లీషు వచ్చిన ఒక్కడు విని మిగతావాళ్ళకు చెబితే పని నడిచిపోయేది. రాత్రంతా మగ్గం దగ్గర, పగలంతా నిద్రలో గడిపే మనిషి ఇంగ్లీషువాడితో మాట్లాడేది ఎప్పుడు? యజమానికీ ఆ ఏర్పాటే బాగుంది. మిల్లులు మూతపడ్డాక ఉద్యోగం కోసం వెళితే, ఇన్నేళ్ళుగా ఇక్కడుండి ఇంగ్లీషు రాదా అని అడిగారు. ఆ ప్రశ్న అడగాల్సింది వాళ్ళను కాదు.

అప్పట్లో ఈ దేశానికి కొంత బుద్ధి, కొంత ఓపిక ఉండేవని కూడా చెప్పాలి. 1965లో మీ బర్మింగ్‌హామ్ నుంచే బీబీసీ హిందుస్తానీలో వలసవాళ్ళకు కార్యక్రమం మొదలుపెట్టింది. పేరు ‘అప్నా హీ ఘర్ సమఝియే’. ఇంగ్లీషు నేర్పడం దాని ముఖ్యమైన పనుల్లో ఒకటి. 1977లో ‘పరోసీ’ అని ఒక సీరియల్ తీశారు, ఇళ్ళలో ఉండిపోయిన ఆసియా ఆడవాళ్ళను ఇంగ్లీషు నేర్చుకోవడానికి బయటికి రప్పించాలని. ఆ దశాబ్దంలో ఊరూరా స్వచ్ఛందంగా ఇళ్ళకు వెళ్ళి నేర్పినవాళ్ళు ఉన్నారు. ఉగాండా నుంచి తరిమేసిన ఆసియావాళ్ళు 1972లో సుమారు 28 వేల మంది ఈ దేశానికి చేరారు. అప్పుడు లెస్టర్ నగర పాలక సంస్థ దయచేసి మా ఊరు రావద్దని ఉగాండా పత్రికలో ప్రకటన వేసింది. వాళ్ళు వచ్చారు. అదే లెస్టర్‌లో ఇవాళ ఒకావిడ దుకాణంలో కూర్చుని నాతో గుజరాతీ యాసను మిడ్‌లాండ్స్ యాసతో కలగలిపి ఇంగ్లీషు మాట్లాడుతుంది. నాకంటే ధాటిగా మాట్లాడుతుంది.

1974లో సౌతాల్‌లో ఒక జాతీయ కేంద్రం పెట్టి, ఫ్యాక్టరీల్లో పనివేళల్లోనే కార్మికులకు ఇంగ్లీషు నేర్పించారు. ఆ పనితో కలిసి నడిచిన అమెరికన్ భాషాశాస్త్రవేత్త జాన్ గంపర్జ్ తర్వాత రాసిన ఒక సంగతి నాకు మనసులో నాటుకుపోయింది. ఒక విమానాశ్రయంలో సిబ్బంది క్యాంటీన్‌లో కొత్తగా చేరిన భారత, పాకిస్తానీ ఆడవాళ్ళు దురుసుగా ఉన్నారని ఫిర్యాదులు వచ్చాయి. వాళ్ళు మాట్లాడేదే తక్కువ. మాంసం వడ్డించాక గ్రేవీ వేయమంటారా అని అడగాలి, అంతే. ఇంగ్లీషు ఆడవాళ్ళు ఆ ఒక్క మాటనే గొంతు పైకెత్తి ప్రశ్నలా అంటారు. మనవాళ్ళు గొంతు దించి అన్నారు. వినేవాళ్ళకు అది ‘ఇదిగో గ్రేవీ, ఉంటే తిను లేకుంటే పో’ అన్నట్టు వినబడింది. రెండు పక్షాల గొంతులూ రికార్డు చేసి, ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టి వినిపించారు. ఇంతకాలం తమ మీద ఎందుకు చిరాకు పడుతున్నారో ఆ ఆడవాళ్ళకు అప్పుడు తెలిసింది. వాళ్ళు కావాలని చేయలేదని పైవాళ్ళకూ తెలిసింది. భాష నేర్పడం అంటే అంత దగ్గరగా, అంత శ్రద్ధగా, రెండు వైపులా చేసే పని. 1980ల చివరికి ఆ ఏర్పాటే లేకుండా పోయింది.

తర్వాతి కథ ఇంకా బాధాకరం. 2007 దాకా ఇంగ్లండులో వలసవాళ్ళ ఇంగ్లీషు క్లాసులు దాదాపు అందరికీ ఉచితం. ఆ ఏడాది చాలామందికి ఫీజు పెట్టారు. 2009-10లో ఇంగ్లండులో ఈ క్లాసులకు ప్రభుత్వం పెట్టిన ఖర్చు 20 కోట్ల పౌండ్ల పైన ఉంటే, 2015-16కు అది 9 కోట్లకు పడిపోయింది. 2013లో స్థానిక సంస్థలు అనువాదాలకు ఖర్చు పెట్టడం మానుకోవాలని ప్రభుత్వం సలహా ఇచ్చింది, అనువాదం చేస్తే జనం ఇంగ్లీషు నేర్చుకోరని కారణం చెప్పింది. క్లాసుకు డబ్బు తగ్గించి, అనువాదం కూడా వద్దంటే ఆ మనిషి ఆసుపత్రి కాగితం ఎట్లా చదవాలి? 2016 జనవరిలో అప్పటి ప్రధాని డేవిడ్ కామెరన్ ముస్లిం ఆడవాళ్ళు ఇంగ్లీషు నేర్చుకోవాలని 2 కోట్ల పౌండ్లు ప్రకటించి, నేర్చుకోనివాళ్ళు ఇక్కడ ఉండడం కష్టం కావచ్చని హెచ్చరించారు. అంతకు ఆరు నెలల ముందే ఉద్యోగం వెతుక్కుంటున్నవాళ్ళ ఇంగ్లీషు క్లాసుల నుంచి 4 కోట్ల 50 లక్షల పౌండ్ల దాకా కోసేశారు. పార్టీలు మారినా పద్ధతి మారలేదు. ప్రతి కొత్త మంత్రీ పరీక్షను పెంచుతారు, పాఠం ఊసెత్తరు.

మా క్లాసులో ఒక రోజు ఏం జరుగుతుందో చెబుతాను. డాక్టరు అపాయింట్‌మెంటు కావాలంటే చాలాచోట్ల పొద్దున ఎనిమిదింటికే ఫోన్ చేయాలి, మీకు తెలుసు. మా విద్యార్థినులకు అదే పెద్ద గండం. నల్లగొండ వైపు నుంచి వచ్చిన ఒకమ్మాయి బీఎస్సీ చదివింది, ఇంగ్లీషు పేపరు చదువుతుంది. ‘అక్కా, ఎదురుగ కూసొని మాట్లాడితే ఎంతో కొంత సమజైతది. ఫోన్ల అయితే ఒక్క ముక్క ఎక్కదు’ అంది. అందుకని నేను గది మూలకు పోయి, గోడవైపు తిరిగి నిలబడి రిసెప్షనిస్టులా మాట్లాడతాను. నా పెదవులు కనబడకూడదు. ఇక్కడివాళ్ళలాగే గబగబా, మధ్యలో లెస్టర్ అలవాటు ప్రకారం ‘మీ డక్’ అని ప్రేమగా ఒక పిలుపు కలిపి, పుట్టిన తేదీ అడుగుతాను, ఏం ఇబ్బంది అని అడుగుతాను. మొదటిసారి అందరూ గమ్మున ఉండిపోతారు. కడుపులో కుడిపక్క, తిన్న గంటకు, వచ్చి వచ్చి పోయే పోటు అని తెలుగులో అంత కచ్చితంగా చెప్పగల మనిషి, ఇంగ్లీషులో కడుపు నొప్పి అని ఊరుకుంటుంది. డాక్టరు చేతికి అందేది అంతే సమాచారం. మందూ అంతే అందుతుంది.

భర్త ఇంట్లో లేనప్పుడు ఆ ఫోన్ ఎవరు చేస్తారో తెలుసా? పిల్లలు. తల్లి గర్భసంచి సంగతి పదేళ్ళ కొడుకు నోట డాక్టరుకు చేరుతుంది. వాడు వినకూడనిది విని, చెప్పలేనిది దాటేస్తాడు. అప్పు నోటీసు, ఇంటి అద్దె గొడవ, బడి నుంచి తన మీదే వచ్చిన ఫిర్యాదు, అన్నీ వాడే చదివి చెప్పాలి. ఇంట్లో పెద్దరికం అట్లా తలకిందులవుతుంది. అందుకే వలస వచ్చినవాళ్ళు ఇంగ్లీషు నేర్చుకోవాలని మీ కంటే గట్టిగా అంటాను. దేశ సమైక్యత సంగతి తర్వాత. ఆ తల్లికి తన నోరు తనకు కావాలి.

ఇక గంటల లెక్క. ఏమీ రాని స్థితి నుంచి బి2 దాకా రావడానికి టీచరు దగ్గర సుమారు 500 నుంచి 600 గంటలు పడుతుందని కేంబ్రిడ్జ్ పరీక్షల వాళ్ళ అంచనా. మా క్లాసు వారానికి రెండు గంటలు. సెలవులు పోను ఏడాదికి 75 గంటలు అనుకోండి. ఏడెనిమిదేళ్ళు. అదీ ఒక్క వారం మానకుండా వస్తే. కేర్ హోమ్‌లో పన్నెండు గంటల షిఫ్టు చేసే మనిషి భార్య, పిల్లలను చూసుకునేవాళ్ళు లేక, ఎన్ని వారాలు మానుతుందో మీరే ఊహించండి.

ఇందులో నన్ను బాగా నలిపేసేది ఇంకొకటి ఉంది. పని వీసా మీద వచ్చినవారి భార్య గానీ భర్త గానీ ఇంగ్లండులో ప్రభుత్వ ఖర్చుతో నడిచే ఇంగ్లీషు క్లాసులో చేరాలంటే, సాధారణ నియమం ప్రకారం మూడేళ్ళు దేశంలో ఉండి ఉండాలి. మొదటి మూడేళ్ళే కదా నాలుక వంగే కాలం? కొత్త ఊరు, కొత్త బడి, కొత్త డాక్టరు, అన్నీ ఆ మూడేళ్ళలోనే కదా ఎదురయ్యేవి? వీసా పొడిగింపుకు ఏ2 అడుగుతామంటున్నారు. ఆ ఏ2 నేర్పే క్లాసు తలుపు మాత్రం అప్పటికి ఇంకా తెరుచుకోకపోవచ్చు. శరణార్థిగా దరఖాస్తు పెట్టుకున్నవాళ్ళకు ఇంగ్లండులో ఆరు నెలలు ఆగమంటారు. స్కాట్లండులో ఆ ఆరు నెలల ఎదురుచూపు లేదు. ఒకే రాజ్యం, ఒకే భాష, సరిహద్దుకు ఆ పక్క ఒక న్యాయం, ఈ పక్క ఒకటి.

డబ్బు లేదంటారేమో. వలసవాళ్ళు ఇప్పటికే కడుతున్నది చూడండి. ఆరోగ్య సర్‌చార్జీ పెద్దవాళ్ళకు తలకు ఏడాదికి 1,035 పౌండ్లు. శాశ్వత నివాసం దరఖాస్తు రుసుము 2025 ఏప్రిల్‌లో 3,029 పౌండ్లు అయింది. యజమాని కట్టే నైపుణ్యాల రుసుము పెద్ద సంస్థలకు 2025 డిసెంబరు నుంచి మనిషికి ఏడాదికి 1,320 పౌండ్లు. ఆ చివరిది పేరులోనే నైపుణ్యం ఉన్న పన్ను. అందులో కొంత ఆ కార్మికుడి ఇంట్లోవాళ్ళకు భాష నేర్పడానికి ఖర్చు పెడితే ఎవరి నోటి దగ్గరి కూడూ లాగినట్టు కాదు.

ఈ విషయంలో జర్మనీ చేసినది మీరు చూడాలి. ఆ దేశం 1961లో టర్కీతో ఒప్పందం చేసుకుని కార్మికులను రప్పించింది, 1973లో ఆపేసింది. ఎలాగూ తిరిగి పోయేవాళ్ళని వాళ్ళకు భాష నేర్పలేదు. వాళ్ళు పోలేదు, అక్కడే ముసలివాళ్ళయ్యారు. ఆ తప్పు తెలుసుకుని 2005లో చట్టం తెచ్చి, కొత్తగా వచ్చేవాళ్ళకు 600 గంటల భాష క్లాసు, దేశం గురించి ఒక క్లాసు (ఇప్పుడది 100 గంటలు) ప్రభుత్వమే సగటు మనిషికి అందేటట్టు పెట్టింది. నిధుల పేచీలు అక్కడా ఉన్నాయి, కాదనను. అయినా నేర్చుకోమన్నవాళ్ళు బడి కట్టారు. 2024 జూన్‌లో అమల్లోకి వచ్చిన పౌరసత్వ చట్టంలో వాళ్ళు చేసిన ఇంకో పని నాకు మరీ నచ్చింది. ఆ పాత తరం కార్మికులకు రాత పరీక్ష ఎత్తేశారు. రోజువారీ జర్మన్ మాట్లాడగలిగితే చాలు. మీకు మేము నేర్పలేదు, కాబట్టి మిమ్మల్ని పరీక్షించే హక్కు మాకు లేదని ఒక ప్రభుత్వం చట్టంలోనే ఒప్పుకున్నట్టు నేను దాన్ని చదివాను.

ఇక మా వాళ్ళతో రెండు మాటలు.

అన్నయ్యలూ తమ్ముళ్ళూ, ‘నేనున్నాగా, నీకెందుకు’ అన్న మాట మానండి. ప్రేమతో అంటారని తెలుసు. బ్యాంకు ఫోనూ మీరే, కరెంటు బిల్లూ మీరే, బడిలో టీచరుతో మాటా మీరే. ఆవిడ నాలుగేళ్ళయినా వీధి చివరి దుకాణం దాటి ఒక్కతే పోదు. మీరు ఒంట్లో బాగాలేక పడిపోతే అంబులెన్సుకు చిరునామా చెప్పలేదు. శనివారం రెండు గంటలు పిల్లలను మీరు చూసుకోండి, ఆవిడను క్లాసుకు పంపండి. అత్తగారు వచ్చి ఆరు నెలలు ఉన్నారని క్లాసు మాన్పించిన ఇళ్ళు నేను చూశాను. చెల్లెళ్ళూ, మీరు కూడా మొహమాటపడకండి. తప్పు మాట్లాడితే నవ్వుతారేమోనన్న భయంతో నోరు కట్టేసుకున్న డిగ్రీవాళ్ళు మా క్లాసులో చాలామందే ఉన్నారు. ఇంగ్లీషు వాళ్ళు నవ్వరు, నిజానికి మనమే ఒకరినొకరం చూసి నవ్వుకుంటాం. ఇంట్లో పిల్లలతో తెలుగే మాట్లాడండి, అది వదులుకోవద్దు. గడప దాటాక ఇంగ్లీషు అక్కరకు వస్తుంది, దాన్నీ సొంతం చేసుకోండి.

మంత్రిగారూ, మళ్ళీ మీ దగ్గరికే వస్తున్నాను. మొదట ఆ మూడేళ్ళ నిరీక్షణ తీసేయండి. వీసా ముద్ర పడ్డ రోజునే క్లాసులో సీటు హక్కు రావాలి. క్లాసు సాయంత్రం, శనివారం కూడా ఉండాలి, పిల్లలను చూసుకునే ఏర్పాటు ఉండాలి, లేకపోతే ఆడవాళ్ళు రాలేరు. వీసాలు స్పాన్సర్ చేసే కేర్ హోమ్‌లు షిఫ్టు గంటల్లోనే, జీతంతో, క్లాసుకు పంపాలని షరతు పెట్టండి. సౌతాల్ కేంద్రం ఆనాడు ఫ్యాక్టరీల్లో చేసి చూపించింది అదే. 65 దాటినవాళ్ళకు ఇప్పుడున్న మినహాయింపు ముట్టుకోవద్దు. యాభై దాటి, ఏళ్ళ తరబడి ఇక్కడ పన్నులు కట్టినవాళ్ళకు మాట్లాడే పరీక్ష ఒక్కటీ చాలనండి. క్లాసు ఇవ్వకుండా ఫెయిల్ చేసిన మనిషిని వెనక్కి పంపొద్దు.

క్లాసుల నిధుల నియమావళి మీ శాఖ చేతిలో లేదని నాకు తెలుసు. పరీక్ష పెట్టే శాఖ, పాఠానికి డబ్బిచ్చే శాఖ ఒకే మంత్రివర్గంలో కూర్చుంటాయి. మూడేళ్ళ నిబంధన తీయడానికి పార్లమెంటులో కొత్త చట్టం అక్కరలేదు, నియమావళిలో నాలుగు పంక్తులు మారిస్తే సరిపోతుంది. బి2 నియమం శాశ్వత నివాసానికి అమల్లోకి వచ్చే లోపు ఆ నాలుగు పంక్తులు మార్పించండి. మా క్లాసుకు గది ఉంది, టీచర్లుగా రావడానికి రిటైరైనవాళ్ళు ఉన్నారు, పేర్లు రాయించుకుని పిలుపు కోసం చూస్తున్న ఆడవాళ్ళు ఉన్నారు. కావలసింది మీ వైపు నుంచి అనుమతి, కొంచెం డబ్బు.

ఇట్లు,
లెస్టర్‌లో ఇంగ్లీషు చెప్పే ఒక తెలుగు టీచరు